ఎముకకూ బూటుకూ మధ్య: షిన్ గార్డు ఎంపికలో అసలు చూడవలసినది

మోకాటి చిప్ప కింద నుంచి చీలమండ దాకా కాలి ముందు భాగాన్ని బొటనవేలితో మెల్లగా తడిమి చూడండి. చర్మం కింద వెంటనే ఎముక తగులుతుంది. తొడ మీదా పిక్క మీదా అలా తగలదు. అక్కడ దెబ్బను తనలోకి తీసుకోవడానికి మందమైన కండ ఉంది. ఇక్కడ చర్మం, దాని కింద ఒక పలుచని పొర, ఆ తర్వాత ఎముక, అంతే. ఎముకను అంటిపెట్టుకున్న ఆ పొరలో నరాల కొసలు దట్టంగా ఉంటాయి. చీకట్లో మంచం కోడు తగిలినప్పుడు ప్రాణం విలవిల్లాడేది అందుకే. ఫుట్‌బాల్ మైదానంలో తగిలేది కదలని మంచం కోడు కాదు. పరుగెత్తుకొచ్చే మనిషి బరువంతా వెనక ఉన్న బూటు.

ఆ ఎముకకూ ఆ బూటుకూ మధ్య నిలిచేది అరచేయంత వెడల్పున్న ఒక పలక, అదే షిన్ గార్డు. దాన్ని ఎంచుకోవడంలో ఏముంది అనిపిస్తుంది గానీ, కొనడానికి వెళ్లాక తికమక మొదలవుతుంది. ఒకటి దాదాపు మోకాలి దాకా వస్తుంది, ఇంకొకటి ఫోను కంటే చిన్నది. ఒకదానికి చీలమండ చుట్టూ మెత్తలుంటాయి, ఇంకొకదానికి పట్టీ కూడా ఉండదు. ఒకటి రాయిలా గట్టిది, ఇంకొకటి వేలితో నొక్కితే వంగేది. "గట్టిగా ఉండేది కావాలా, హాయిగా ఉండేది కావాలా?" అనే ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు.

తిరకాసు ఆ ప్రశ్నలోనే ఉంది. గార్డు తాను ఉన్న చోటును మాత్రమే కాపాడుతుంది. ఒరుసుకునే గార్డును ఆటగాడు తెలియకుండానే పక్కకు జరుపుతాడు, కిందికి నెడతాడు, వదులు చేస్తాడు. పదో నిమిషానికే పిక్క వైపు తిరిగిపోయిన ఖరీదైన కార్బన్ ఫైబర్ గార్డు కంటే, తొంభయ్యో నిమిషంలోనూ ఎముక మీదే ఉన్న మామూలు ప్లాస్టిక్ గార్డు ఎంతో మేలు. అందువల్ల హాయి అనేది రక్షణకు పోటీ కాదు, రక్షణలో అదొక భాగం. షిన్ గార్డుల గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

నియమం అడిగేది చాలా తక్కువ

షిన్ గార్డును ఆటలోకి తెచ్చిన పేరు ఇంగ్లండ్‌కు చెందిన సామ్ వెల్లర్ విడోసన్‌ది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టుకు ఆడిన ఆయన క్రికెట్ కూడా ఆడేవాడు. 1874లో క్రికెట్ ప్యాడ్లను కత్తిరించి చిన్నవి చేసి, మేజోళ్ల పైనే కట్టుకుని మైదానంలోకి దిగాడు. మొదట్లో చూసినవాళ్లు నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే ఆయన దారి పట్టారు, ప్యాడు మేజోడు లోపలికి చేరింది. అయినా అది చాలాకాలం ఆటగాడి ఇష్టానికే వదిలేసిన వస్తువు. ఫిఫా దాన్ని తప్పనిసరి చేసింది 1990లో. విడోసన్ నుంచి అక్కడికి వంద సంవత్సరాలకు పైగా పట్టింది.

ఇప్పుడు ఆట నియమాలను రూపొందించే ఐఎఫ్ఏబీ పుస్తకంలోని నాలుగో నియమం గార్డు గురించి రెండు షరతులు పెడుతుంది. తగినంత రక్షణనిచ్చే పదార్థంతో చేసినదై ఉండాలి, మేజోడు దాన్ని కప్పి ఉంచాలి. ఎంత పొడవుండాలి, ఎంత వెడల్పుండాలి, ఎముకలో ఎంత భాగాన్ని కప్పాలి అన్నది అందులో లేదు. 2024-25 సీజన్‌కు ఒక వాక్యం చేర్చారు: గార్డు పరిమాణానికీ, అది తగినదా కాదా అన్నదానికీ బాధ్యత ఆటగాడిదే. అంటే రిఫరీ మేజోడును తడిమి లోపల గార్డు ఉందని తేల్చుకోవచ్చు గానీ, అది మీ కాలికి సరిపోయిందా అని కొలిచి చూసే పని ఆయనది కాదు.

ఆట మధ్యలో గార్డు అనుకోకుండా ఊడిపోతే ఏమవుతుందన్న సందేహం చాలామందికి ఉంటుంది. వెంటనే ఆగిపోవలసిన అవసరం లేదు. వీలైనంత త్వరగా, బంతి ఆటలోంచి బయటికి వెళ్లేలోపు దాన్ని తిరిగి పెట్టుకోవాలి. ఈలోపు ఆ ఆటగాడు గోల్ కొడితే అది చెల్లుతుంది.

పరిమాణం గురించి నియమం మౌనంగా ఉండటం వల్లే చిన్న గార్డుల వాడుక పుట్టింది. మేజోళ్లను పిక్క మధ్య దాకా దించుకుని చిన్న గార్డులతో ఆడే ఇంగ్లండ్ ఆటగాడు జాక్ గ్రీలిష్ వంటివారిని చూసి, కుర్రాళ్లు అగ్గిపెట్టెలాంటి పలకలు వెతుక్కుంటున్నారు. కాలు తేలిగ్గా ఉంటుందన్నది వాళ్ల వాదన. గార్డు మరీ పొడవైతే కాలు వంచడానికి అడ్డొస్తుందన్న మాట నిజమే. అయితే అరచేతిలో సగం లేని పలకతో, చేతి జానను మించిన పొడవున్న ఎముకలో ఏ భాగం కాపాడబడుతుంది? నైపుణ్యంతో దెబ్బలు తప్పించుకోగల వృత్తి ఆటగాడు తెలిసి తీసుకునే ప్రమాదం వేరు. టాకిల్ చేయడం, అంటే ఎదుటివాడి కాళ్ల దగ్గరి బంతిని కాలితో లాక్కోవడం, ఇంకా నేర్చుకుంటున్న పదమూడేళ్ల పిల్లల మధ్య ఆడే పదమూడేళ్ల పిల్లవాడి పరిస్థితి వేరు. అక్కడ కాలు బంతికి తగులుతుందో ఎదుటివాడి ఎముకకు తగులుతుందో తన్నేవాడికే తెలియదు. ఆ వయసులో చిన్న గార్డును నేను ఏ కారణంతోనూ సమర్థించలేను.

కొన్నిచోట్ల నియమం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. అమెరికాలోని హైస్కూల్ పోటీల్లో ఎన్ఓసీఎస్ఏఈ అనే ప్రమాణ సంస్థ ముద్ర ఉన్న గార్డే వాడాలి, దాని కింది అంచు చీలమండకు రెండు అంగుళాల కంటే పైన ఉండకూడదు. ఐరోపాలో ఈఎన్ 13061 అనే ప్రమాణం ఫుట్‌బాల్ షిన్ గార్డుల కోసమే ఉంది. గార్డు మీదో, దాని పెట్టె మీదో ఈ రెండింటిలో ఏదో ఒక గుర్తు కనిపిస్తే, అది పరీక్షలో నెగ్గిన వస్తువని అర్థం. ఏ గుర్తూ లేని దాన్ని కొనకపోవడం మంచిది. అయితే ముద్ర వస్తువు గురించే చెబుతుంది, మీ కాలి గురించి చెప్పదు.

గార్డు లోపల జరిగేది

గార్డులో రెండు పొరలుంటాయి, రెండింటికీ వేర్వేరు పనులు. పైన ఉండే గట్టి పలక దెబ్బను పరుస్తుంది. బూటు అడుగున ఉండే స్టడ్ కొన వేలికొసంత కూడా ఉండదు. మొత్తం బలం ఆ కాస్త చోట పడితే చర్మం చీలుతుంది, ఎముక కమిలిపోతుంది. పలక అదే బలాన్ని తన వెడల్పంతటికీ పంచుతుంది. లోపలి ఫోమ్ పని దెబ్బను నెమ్మది చేయడం. పైనుంచి పడుతున్న బరువైన వస్తువును పట్టుకునేటప్పుడు చేతులను దానితో పాటు కిందికి దించుతాం. అలా దించకపోతే చేతులు అదిరిపోతాయి. ఫోమ్ అణిగేటప్పుడు జరిగేది సరిగ్గా అదే. ఆ దెబ్బే ఇంకాస్త ఎక్కువ సమయంలో దిగుతుంది కాబట్టి ఎముకకు చేరే తాకిడి తగ్గుతుంది.

ఈ రెండూ కలిసి ఉన్నప్పుడే గార్డుకు అర్థం. ఫోమ్ లేని గట్టి పలక దెబ్బను పంచుతుంది గానీ మెత్తబరచలేదు. పైగా దాని అంచే ఎముకను కోస్తుంది. పలక లేని ఉత్త ఫోమ్ స్టడ్ కింద పూర్తిగా అణిగిపోతుంది, ఆ తర్వాత అది ఉన్నా లేకపోయినా ఒకటే. కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. గార్డును కాలి మీద పెట్టుకుని, నడిమధ్యన బొటనవేలితో గట్టిగా నొక్కండి. వేలి కొన ఎక్కడుందో ఎముకకు తెలిసిపోతే ఆ పలక పలుచనిది. ఒత్తిడి మొత్తం గార్డు కింద సమానంగా పరుచుకున్నట్లు అనిపిస్తే అది తన పని చేస్తోంది.

గార్డు ఏం చేయలేదో కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. అది ఉంటే కాలు విరగదన్న నమ్మకం ప్రమాదకరమైనది. 2010లో ఆర్సెనల్ ఆటగాడు ఆరన్ రామ్సేకూ, 2015లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు ల్యూక్ షాకూ కాలి ఎముకలు రెండూ విరిగాయి. రెండూ గార్డులు తప్పనిసరి అయిన చాలా ఏళ్లకు జరిగినవే. పాదం నేలలో ఇరుక్కుపోయి, పైనుంచి బరువు పడినప్పుడు కాలు కర్రలా వంగి విరుగుతుంది, లేదా మెలితిరిగి విరుగుతుంది. దెబ్బను పంచే పలక ఆ వంపునూ మెలికనూ ఆపలేదు. ప్రయోగశాలల్లో గార్డు ఎముకకు చేరే బలాన్ని తగ్గిస్తుందని తేలింది. కొన్ని విరుగుళ్లు దానివల్ల తప్పుతాయి కూడా. కానీ అది రోజూ చేసే ఉపకారం వేరు. చర్మం చీరుకుపోకుండా, ఎముక మీద గడ్డ కట్టకుండా, వారాల తరబడి వేధించే కమిలిన గాయాలు రాకుండా చూస్తుంది. దానికి తోడు ఇంకొకటి: తర్వాతి టాకిల్‌కు కాలు వెనక్కి లాగేసుకునే భయాన్ని తగ్గిస్తుంది. ఆడినవాళ్లకు దాని విలువ తెలుసు.

అలాగే పరుగు వల్ల ఎముక లోపలి అంచు వెంట వచ్చే నొప్పికీ గార్డుకూ సంబంధం లేదు. షిన్ స్ప్లింట్స్ అని పిలిచే ఆ నొప్పి దెబ్బ వల్ల రాదు; ఒక్కసారిగా శ్రమ పెంచడం వల్ల, మళ్లీ మళ్లీ పడే భారం వల్ల వస్తుంది. పేరులో షిన్ ఉంది కదా అని దానికి మందమైన గార్డు కొనేవాళ్లను చూశాను. వాళ్లకు కావలసింది విశ్రాంతి, పరుగును మెల్లగా పెంచుకునే పద్ధతి, అవసరమైతే వైద్యుని సలహా.

ఇక్కడ ఒక హెచ్చరిక. గార్డు ఉన్నా లేకపోయినా, కాలి మీద గట్టి దెబ్బ తగిలాక నొప్పి తగ్గకుండా గంటగంటకూ పెరుగుతుంటే, కాలు బిగుసుకుపోయినట్లు ఉంటే, పాదం తిమ్మిరెక్కితే, వేళ్లను కదిలిస్తే ప్రాణం పోయినట్లుంటే, తెల్లవారేదాకా ఆగకూడదు. కండరాల అరలో ఒత్తిడి పెరిగి రక్తప్రసారం ఆగిపోయే స్థితి అది కావచ్చు. అరుదైనదే గానీ, గంటల్లో కాలికి శాశ్వత నష్టం చేయగలదు. నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

కొలత: ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలి

చాలా గార్డుల పరిమాణాన్ని ఆటగాడి ఎత్తును బట్టి నిర్ణయిస్తారు. పెట్టె మీద సెంటీమీటర్లలో ఎత్తు రాసి, దాని పక్కన అక్షరం వేస్తారు. అది ఆరంభానికి పనికొస్తుంది, అంతకు మించి నమ్మకూడదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి మొండెం పొడవు, ఇంకొకరికి కాళ్లు పొడవు. పైగా ఒక తయారీదారు మధ్యస్థం అన్నదాన్ని ఇంకొకరు చిన్నది అంటారు. కొలవవలసింది కాలినే.

బూటు వేసుకుని కూర్చోండి. పాదం పైకి వంచితే చీలమండ ముందు ఒక మడత పడుతుంది. ఆ మడతకు కాస్త పైన, అంటే బూటు నాలుకకు తగలకుండా, కింది అంచు ఉండాలి. మోకాటి చిప్ప కింద రెండు మూడు వేళ్ల చోటు వదిలి పై అంచు ముగియాలి. ఆ రెండింటి మధ్య దూరమే మీ గార్డు పొడవు. ఇంతకంటే పొడవైతే మోకాలు వంచినప్పుడు పై అంచు గుచ్చుకుంటుంది, లేదా కింది అంచు పాదం మీద కొట్టుకుంటుంది. పొట్టిదైతే ఏ భాగం బయట ఉండిపోతుందో చూడాలి. గార్డు జారితే పై భాగం, పైకి కట్టుకుంటే కింది భాగం ఖాళీగా మిగులుతాయి. ఆ కింది భాగాన్ని తక్కువగా చూడకూడదు. అంతర్జంఘిక అనే ఈ ఎముక మధ్య భాగం ముగిసి కింది మూడో వంతు మొదలయ్యే చోట అన్నిటికంటే సన్నగా ఉంటుంది, అక్కడ రక్తప్రసారం కూడా తక్కువే. విరిగితే అతుక్కోవడం ఆలస్యమయ్యే చోటు అది.

పొడవు గురించి ఇంత ఆలోచించేవాళ్లు కూడా వెడల్పును మరచిపోతారు. ఈ ఎముకను అడ్డంగా కోసి చూస్తే ముక్కోణంలా ఉంటుంది. ముందుకు పొడుచుకొచ్చిన అంచు ఒకటి. దానికి బయటి వైపు ముఖం మీద కండ ఉంది. లోపలి వైపు, అంటే రెండో కాలిని చూసే వైపు ముఖానికి ఏ కండా లేదు. అది చర్మం కిందే చదునుగా, నిస్సహాయంగా ఉంటుంది. మైదానంలో గార్డు తరచూ బయటి వైపుకు, కండ ఉన్న వైపుకు తిరిగిపోతుంది. అప్పుడు కాపలా అవసరం లేని చోట కాపలా, అవసరమైన చోట ఖాళీ. కాబట్టి పెట్టుకున్నాక లోపలి వైపు నుంచి ఒకసారి చూడండి. చదునైన ఆ ముఖం పలక కిందికి రావాలి.

మంచి గార్డుల మీద ఎడమ, కుడి అని గుర్తులుంటాయి. అది అలంకారం కాదు. రెండు కాళ్ల వంపులు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లాంటివి. ఆ గుర్తులు ఉన్నవాటిని తారుమారు చేసి వేసుకుంటే ఎంత బిగించినా అవి తిరిగిపోతూనే ఉంటాయి.

ఇక వంపు. చదునైన పలకను గుండ్రని కాలి మీద పెడితే అది ఎముక అంచు మీద మాత్రమే ఆనుతుంది, తక్కెడలా అటూ ఇటూ ఊగుతుంది. మరీ వంగినదైతే రెండు పక్కలా కండను నొక్కుతూ మధ్యలో ఎముకకు తగలదు. అప్పుడు దెబ్బంతా అంచుల మీద పడుతుంది. లోపలి ఫోమ్ కాలికి అన్ని చోట్లా సమానంగా తాకాలి. దీన్ని తెలుసుకోవడానికి కళ్ళు మూసుకుని అరచేతితో గార్డును అదిమి చూడటం చాలు. ఎక్కడైనా ఒకచోట ప్రత్యేకంగా ఒత్తిడి తెలిస్తే అరగంట ఆట తర్వాత అదే చోట చర్మం ఎర్రబడుతుంది.

కొనేముందు కదిలి చూడటం తప్పనిసరి. ఆటకు వాడే మేజోళ్లే వేసుకోండి, బూట్లు కూడా. గొంతుకూర్చోండి. నాలుగడుగులు పరుగెత్తండి. బంతిని తన్నినట్లు కాలు విసరండి. తర్వాత చేత్తో గార్డును పక్కకు తిప్పడానికి ప్రయత్నించండి. చేతికి లొంగినది మైదానంలో నిలవదు. కూర్చుని ఉన్నప్పుడు ఏ గార్డయినా సుఖంగానే ఉంటుంది. పరుగులో పిక్క కండరం ఉబ్బుతుంది, కుదించుకుంటుంది, ఆ కదలికే గార్డును కొద్దికొద్దిగా కిందికి తోస్తుంది.

ఏ రకం ఎవరికి

పట్టీలు లేని పలకలను మేజోట్లోకి జార్చుకునే రకం తేలికైనది, అలవాటైనవాళ్లకు ఇష్టమైనది. దాన్ని నిలబెట్టేది మేజోడు బిగువే. మేజోడు వదులైతే ఆ గార్డు దారి తప్పినట్లే. అందుకే వీటిని వాడేవాళ్లు గార్డు కింది అంచుకు దిగువన, కాలు సన్నబడే చోట టేపు చుడతారు. ఆ చోటు ఎంచుకోవడంలో తెలివి ఉంది: పిక్క ఉబ్బు మీద కట్టిన పట్టీ కండరం కదిలినప్పుడల్లా జారుతుంది, ఉబ్బు కింద కట్టినది నిలుస్తుంది. టేపు కింద వేలు దూరేంత వదులు ఉండాలి. పాదం తిమ్మిరెక్కేలా బిగిస్తే ఆట సగంలోనే విప్పేస్తారు. మేజోడు పైన చుట్టే టేపు రంగు మేజోడు రంగుతో కలవాలన్నది కూడా నియమమే.

ఎక్కువమందికి నేను చెప్పేది తొడుగు రకం. పిక్కకు బిగువుగా పట్టే ఒక సాగే తొడుగు, దానికి ముందు వైపు జేబు, ఆ జేబులో పలక. తొడుగు కాలి చుట్టూ సమానంగా పట్టుకుంటుంది కాబట్టి పలక తిరగదు, ఏ ఒక్క చోటా పట్టీ కోయదు. పలకను తీసి తొడుగును ఉతుక్కోవచ్చు. దీనికి ఉన్న లోపం వేడి. ఇంకొక పొర బట్ట కాలి మీద ఉన్నట్లే. అయినా నిలకడగా ఉండే గుణం ముందు ఆ లోపం చిన్నదే.

మూడోది చీలమండ మెత్తలున్న రకం. పాదం కింద నుంచి ఒక పట్టీ వెళుతుంది, చీలమండకు రెండు పక్కలా గుండ్రని మెత్తలు ఉంటాయి. కింద లంగరు వేసినట్లు ఉంటుంది కాబట్టి పైకి జరగదు, పక్కకు తిరగదు. చీలమండ ఎముక మీద పడే తన్నులను కొంత ఆపుతుంది. పాదం మెలిపడకుండా మాత్రం ఆపలేదు, ఆ పని దానికి అప్పగించకూడదు. బూటులో చోటు తగ్గిపోతుంది, బంతి స్పర్శ మందగిస్తుంది. అందుకే పిల్లలు దీనితో మొదలుపెట్టి, ఆట మెరుగయ్యాక వదిలేస్తారు. వేసుకునే క్రమం కూడా గుర్తుంచుకోవాలి: ముందు గార్డు, తర్వాత మేజోడు, చివర బూటు.

ఆటగాడి స్థానాన్ని బట్టి కూడా కొంత తేడా ఉంటుంది. డిఫెండర్లు, మధ్యలో ఆడేవాళ్లు ఎక్కువ టాకిళ్లలోకి వెళతారు కాబట్టి వాళ్లకు పెద్ద పలక మంచిది. అంచుల వెంట పరుగెత్తేవాళ్లు తేలికైనది కోరుకుంటారు. దీన్ని ఇంతకంటే పెద్ద సిద్ధాంతం చేయనవసరం లేదు.

పదార్థం విషయంలో పెద్ద మాటలు వినిపిస్తాయి. మామూలు గార్డుల పలక పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, లోపల ఈవీఏ అనే మెత్తని ఫోమ్. ఖరీదైనవాటిలో ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్, కెవ్లార్ అనే గట్టి దారాలు కలిపిన పలకలు. వీటివల్ల వచ్చే లాభం ఏమిటంటే, తక్కువ మందంలోనే ఎక్కువ బిగువు. బరువు కొంత తగ్గుతుంది, మేజోడు కింద ఎత్తుగా కనిపించదు. ఆ లాభం ఫోమ్‌ను పలుచన చేసి సంపాదించినదైతే మాత్రం అది లాభం కాదు. వేడి చేసి కాలికి అచ్చు పోసుకునే పలకలూ, కాలిని స్కాన్ చేసి ముద్రించే పలకలూ కూడా వస్తున్నాయి. ఎదుగుదల పూర్తయినవాళ్లకు, ముఖ్యంగా కాలి వంపు సాధారణం కంటే వేరుగా ఉండి ఏ గార్డూ కుదరనివాళ్లకు ఇవి నిజంగా మేలు చేస్తాయి. ఎదిగే పిల్లలకు వీటి మీద ఖర్చు వృథా. ఆర్నెల్లలో ఆ కాలు వేరే కాలు.

చెమట, చర్మం

హాయి అనగానే మెత్తదనం గుర్తొస్తుంది. కానీ ఆటగాళ్లు గార్డును తీసి పారేసేది ఎక్కువగా దురద వల్ల, ఉడుకు వల్ల. గంటన్నర పాటు చెమటతో తడిసి, గాలి తగలకుండా, ఒరుసుకుంటూ ఉన్న చర్మం ఎంతసేపు ఓర్చుకుంటుంది? పలకకు రంధ్రాలుండి, వాటికి ఎదురుగా ఫోమ్‌కు కూడా రంధ్రాలుంటేనే గాలి ఆడుతుంది. పలకకు మాత్రమే రంధ్రాలుండి లోపల ఫోమ్ మూసుకుపోయి ఉంటే ఆ రంధ్రాలు చూపుకే. ఈవీఏ ఫోమ్ నీటిని పీల్చుకోదు కాబట్టి తుడిస్తే శుభ్రపడుతుంది. దాని మీద బట్ట అతికించి ఉంటే స్పర్శకు బాగుంటుంది గానీ, చెమటను దాచుకుని వాసన పట్టేది ఆ బట్టే.

గార్డు ఆకారంలోనే చర్మం మీద దద్దుర్లు వస్తుంటే గార్డునే అనుమానించాలి. తొడుగుల్లో, పట్టీల్లో వాడే నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు, మామూలు రబ్బరు తయారీలో కలిపే కొన్ని రసాయనాలు కొందరి చర్మానికి పడవు. దానికి మందు పూసుకుంటూ అదే గార్డు వాడితే లాభం లేదు. లోపల ఒక పలుచని పొడవు మేజోడు వేసుకుని దాని మీద గార్డు పెట్టుకుంటే ఒరిపిడి, చెమట రెండూ తగ్గుతాయి, చాలామందికి అదే సరిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే ఆ పదార్థం లేని గార్డుకు మారాలి, చర్మ వైద్యునికి చూపించుకోవాలి.

ఆట అయ్యాక తడి గార్డులను సంచిలో కుక్కి, మళ్లీ ఆట రోజున తీసే అలవాటు చాలా జట్లలో చూశాను. క్రిములు పెరగడానికి అంతకంటే అనువైన చోటు లేదు, చర్మం గీసుకుపోయి ఉంటే అక్కడి నుంచే లోపలికి చేరతాయి. గార్డులను ఒకరివి ఒకరు వాడుకోకూడదనేది కూడా అందుకే. ఇంటికి రాగానే బయటికి తీసి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో తుడిచి, నీడలో ఆరబెట్టాలి. మరిగే నీరు, మండుటెండ, మూసిన కారు లోపలి వేడి పలక వంపును మార్చేస్తాయి, జిగురును వదిలిస్తాయి. మారిన వంపు కంటికి కనిపించదు, కాలికి మాత్రం తెలుస్తుంది.

పిల్లల కోసం కొనేటప్పుడు

పిల్లలకు శిక్షణ ఇచ్చేచోట మళ్లీ మళ్లీ కనిపించే దృశ్యం ఒకటి ఉంది. బంతి అటు వెళ్లగానే ఒక పిల్లవాడు వంగి మేజోడు పైకి లాక్కుంటాడు. రెండు నిమిషాలకు మళ్లీ. ఎవరైనా అడిగితే బాగానే ఉందంటాడు. ఆ గార్డు వాడికి పెద్దది. వచ్చే సంవత్సరం కూడా పనికొస్తుందని ఒక కొలత ఎక్కువ కొన్నారు. పై అంచు మోకాలికి తగులుతుంది కాబట్టి వాడు కిందికి నెడతాడు. కింది అంచు పాదం మీద కొట్టుకుంటుంది కాబట్టి పక్కకు తిప్పుతాడు. ఆడుతున్నంతసేపూ వాడి ధ్యాసలో సగం కాలి మీదే. చొక్కా ఒక కొలత పెద్దది కొనవచ్చు, గార్డు కొనకూడదు. పిల్లలకు ఖరీదైనది అక్కర్లేదు, సరిపోయే మామూలుది కొని, ప్రతి సీజన్ మొదట్లో మళ్లీ కొలిచి చూస్తే చాలు. అన్న వాడినది తమ్ముడికి ఇవ్వడంలోనూ తప్పులేదు, పలక పగలకుండా, ఫోమ్ చావకుండా ఉంటే.

ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మెత్తని పొరలు ఉంటాయి. చీలమండ దగ్గరి పొర గార్డు గట్టి పలక ముగిసే చోటుకు దిగువన ఉంటుంది. అందువల్ల అక్కడ దెబ్బ తగిలి వాపు వచ్చి, కాలు మోపలేకపోతే బెణుకే అనుకుని వదిలేయకూడదు, వైద్యునికి చూపించాలి. పదేళ్ల లోపు పిల్లలకు చీలమండ మెత్తలున్న రకమే నా మొదటి ఎంపిక. గార్డు జారదు, వేసుకోవడం వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారు.

ఇంకొకటి: పోటీ రోజున రిఫరీ చూస్తాడని గార్డు వేసుకుని, సాధనలో వదిలేసే పిల్లలు చాలామంది. నియమం పోటీ గురించి చెబుతుంది గానీ, సాధనలో కూడా అవే బూట్లు, అవే స్టడ్లు. వారంలో ఎక్కువ గంటలు గడిచేది అక్కడే. పైగా సాధనలో అలవాటు కాని గార్డు పోటీ రోజున హాయిగా ఉండదు. కొత్త గార్డుతో నేరుగా పోటీలోకి దిగకుండా, నాలుగైదు సాధనల్లో వాడి కాలికి అలవాటు చేసుకోవాలి.

గార్డు ఎప్పుడు మార్చాలో అదే చెబుతుంది. పలకను రెండు చేతులతో కొద్దిగా వంచి వెలుగులో చూడండి. సన్నని తెల్లని గీతలు కనిపిస్తే అక్కడ ప్లాస్టిక్ లోలోపల విరుగుతోంది. ఫోమ్‌ను వేలితో నొక్కి వదిలితే గుంట అలాగే ఉండిపోతే దానిలో ప్రాణం లేదు. ఆట ముగిసి మేజోళ్లు విప్పినప్పుడు కాలి మీద పడిన ముద్రను కూడా చదవండి. ఎర్రని ముద్ర ఎముకకు రెండు పక్కలా సమానంగా, లేతగా ఉండి కాసేపట్లో మాయమైతే గార్డు ఆట పొడవునా తన చోటులోనే ఉంది. ఒక పక్కన మాత్రమే లోతుగా గీత పడి, ఎముక లోపలి ముఖం మీద ఏ ముద్రా లేకపోతే, పట్టీ ఇంకాస్త బిగించి చూడనక్కర్లేదు. ఆ వంపు ఆ కాలిది కాదు.